ఒకే ఊళ్లో నాలుగు రాత్రులు: ఇటలీ సముద్రం ఒడ్డున తొందర లేని ట్రిప్ ఎలా వేసుకోవాలి

మొదటిసారి యూరప్ వెళ్లినప్పుడు మేం చేసిన తప్పుతోనే మొదలుపెడతా. పది రోజులు, ఐదు దేశాలు, ఒకటే బస్సు. పొద్దున్నే ఆరింటికల్లా సూట్‌కేసులు రూమ్ బయట పెట్టాలి, ఏడింటికి ఇడ్లీ పేరుతో వాళ్లు పెట్టిందేదో తినాలి, ఎనిమిదింటికి బస్సెక్కి నిద్రపోవాలి, మధ్యలో గైడ్ లేపి "ఇరవై నిమిషాలు, ఫోటోలు తీసుకుని వచ్చేయండి" అంటే దిగాలి. ఇంటికొచ్చాక ఫోటోలు చూస్తుంటే ఏ చర్చి ఏ ఊళ్లోదో మాకే తెలీలేదు. డబ్బులు మాత్రం గట్టిగానే వదిలాయి.

రెండోసారి మా ఆవిడ ఒకటే కండిషన్ పెట్టింది, సూట్‌కేస్ ఒక్కసారే విప్పుతా, ఒక్కసారే సర్దుతా అని. అలా వెళ్లిందే ఇటలీలో లిగురియా తీరం, నాలుగు రాత్రులు, ఒకటే ఊరు. అప్పట్నుంచి ఎవరడిగినా ఇదే చెప్తున్నా, అడిగినవాళ్లు ఎక్కువైపోయారు కాబట్టి కూర్చుని రాసేస్తున్నా. పది ఊళ్లకి పెట్టే డబ్బు ఒక్క ఊరికి పెట్టండి, అందులో సగం ఒక్క కిటికీకి పెట్టండి. మిగతాదంతా దాని చుట్టూ సర్దుకునే పనే.

ముందు ఊరు తేల్చుకోండి

మెడిటరేనియన్ అనగానే అందరూ అమాల్ఫీ, సాంటోరినీ, లేదంటే చింక్వె తెర్రె అంటారు. బావుంటాయి, కాదనను, కానీ సీజన్‌లో చింక్వె తెర్రె రైలు ప్లాట్‌ఫామ్ చూస్తే పండక్కి సికింద్రాబాద్ స్టేషన్ గుర్తొస్తుంది. దానికి కొంచెం ఇవతల, జెనోవా నగరానికి తూర్పున కమోలి అని ఒక ఊరుంది. స్పెల్లింగ్‌లో గ ఉంటుంది గానీ పలకరు. జెనోవా నుంచి లోకల్ రైల్లో ముప్పావుగంట లోపే.

ఈ ఊరే ఎందుకంటే, ఒకటి, నిజంగా జాలర్ల ఊరు, టూరిస్టుల కోసం కట్టింది కాదు. రెండు, స్టేషన్ ఊరి మధ్యలోనే ఉంటుంది, టాక్సీ గోల లేదు. మూడు, పోర్టోఫినో కొండ పక్కనే ఉంది, అంటే ఆ పేరున్న చోటు కూడా చూసేయొచ్చు, అక్కడి హోటల్ రేట్లు కట్టక్కర్లేదు. ఇళ్లు సముద్రానికి ఎదురుగా ఆరేడు అంతస్తులు, ఒకదానికొకటి ఆనుకుని, ఆవాలపసుపు, ఇటుకెరుపు, పాత గులాబీ రంగుల్లో నిలబడి ఉంటాయి. దూరంగా చేపలకెళ్లిన వాళ్లు పడవలోంచే తమ ఇల్లు గుర్తుపట్టడానికి ఆ రంగులేశారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఊరి పేరుకి కూడా "పెళ్లాల ఇళ్లు" అని ఒక అర్థం చెప్తారు, మగాళ్లంతా ఓడల మీదే ఉండేవాళ్లు కదా. కథలే అనుకోండి, కానీ ఊరికి సరిపోయే కథలు.

ఎప్పుడు వెళ్లాలి

మే రెండో వారం నుంచి జూన్ మధ్య దాకా, లేదా సెప్టెంబర్. నన్నడిగితే సెప్టెంబర్, ఎందుకంటే మే నెలలో ఎండ ఉంటుంది గానీ నీళ్లలో కాలు పెడితే జివ్వుమంటుంది, సెప్టెంబర్‌లో వేసవంతా కాగిన సముద్రం గోరువెచ్చగా ఉంటుంది. ఆగస్టు వద్దు, ఇటలీ మొత్తం సెలవుల్లో ఉంటుంది, 15వ తారీఖు చుట్టూ రూమే దొరకదు. అక్టోబర్ సగం దాటాక ఈ తీరంలో వానలు గట్టిగా కొడతాయి.

మే రెండో ఆదివారం అక్కడుంటే చేపల జాతర పడుతుంది. 1952 నుంచి చేస్తున్నారు, దాదాపు 4 మీటర్ల వెడల్పు బాణలి రేవులో పెట్టి చేపలు వేయించి పంచుతారు. చూడాల్సిందే, కానీ ఆ రోజు ప్రశాంతత అడక్కండి.

వీసా పని

ఇది త్వరగా చెప్పేస్తా. ఇండియా నుంచైతే షెంగెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఒకటే వీసా, మొత్తం రోజులు ఇటలీలోనే కాబట్టి ఇటలీకే అప్లై చేయాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వొచ్చు, చివరికి 15 రోజుల ముందైనా ఇవ్వాలి, కానీ వేసవి అపాయింట్‌మెంట్లు ఎగిరిపోతాయి కాబట్టి మూడు నెలల ముందే కదలండి. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, వీసా సెంటర్ వాళ్ల చార్జీ వేరే. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవర్ ఉండాలి. పాస్‌పోర్ట్ మీరు తిరిగొచ్చే తేదీ తర్వాత ఇంకా మూడు నెలలైనా చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉద్యోగం చేస్తూ అక్కడి రెసిడెన్స్ కార్డ్ ఉన్నవాళ్లకి ఈ బాధే లేదు, లండన్ వాళ్లకి మాత్రం ఉంది, యూకే వీసా ఇక్కడ పనికిరాదు.

రూమ్ దగ్గర పిసినారితనం చేయకండి

ఇదే అసలు స్టెప్. ఫ్లైట్‌లో బిజినెస్ క్లాస్ వద్దు, బ్రాండెడ్ షాపింగ్ వద్దు, ఆ డబ్బంతా రూమ్‌లో పెట్టండి. కమోలిలో పెద్ద హోటల్ అంటే చెనోబియో దేయి దోజి, ఊరి చివర బీచ్ అంచున, సొంత బీచ్‌తో ఉంటుంది. పోర్టోఫినోలో స్ప్లెండిదో అని ఉంది, పూర్వం సన్యాసుల మఠం, ఇప్పుడు ఒక రాత్రికి లక్ష రూపాయలు దాటిపోతుంది, హనీమూన్‌కో పాతికేళ్ల పెళ్లిరోజుకో ఒక్క రాత్రి సరదా పడితే పడండి. మాకైతే రేవుకి ఎదురుగా ఉన్న పాత ఇంట్లో నాలుగో అంతస్తు రూమే నచ్చింది.

బుక్ చేసే ముందు హోటల్‌కి మెయిల్ పెట్టి మూడు విషయాలు అడగండి. రూమ్ కిటికీ నేరుగా సముద్రం వైపుందా, పక్కకుందా? లిఫ్ట్ ఉందా? కిటికీ తెరుచుకుంటుందా? నవ్వకండి, మొదటి ప్రశ్న అడక్కుండా ఒకసారి మోసపోయా. వేరే ఊళ్లో "సీ వ్యూ" అని డబ్బు కట్టి వెళ్తే సముద్రం బాత్‌రూమ్ కిటికీలోంచి కనబడింది, అదీ కమోడ్ మీదకెక్కి మెడ బయటికి పెడితే. రిసెప్షన్‌లో అడిగితే "వ్యూ ఉంది కదా సార్" అన్నాడు. చట్టప్రకారం వాడిదే రైటు. అప్పట్నుంచి "నేరుగా" అనే మాట మెయిల్‌లో రాసి, జవాబు స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకుంటా.

లిఫ్ట్ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు, ఈ ఊరంతా మెట్లే, అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మరీను. ఇంకోటి, రూమ్ రేటు కాకుండా మనిషికి రాత్రికి ఇంతని ఊరి పన్ను ఉంటుంది, కొన్నిచోట్ల అది క్యాష్‌లోనే అడుగుతారు, చిల్లర యూరోలు దగ్గరుంచుకోండి.

చేరుకోవడం

హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానో దోహా మీదుగానో మిలాన్. మల్పెన్సా ఎయిర్‌పోర్ట్‌లోనే రైలెక్కితే గంట లోపు మిలాన్ సెంట్రల్ స్టేషన్, అక్కడ్నుంచి జెనోవాకి గంటన్నర నుంచి రెండు గంటలు, జెనోవాలో లోకల్ రైలు మారితే కమోలి. కారు తీసుకోవద్దు. ఇక్కడ కారంటే దర్జా కాదు, పార్కింగ్ వెతుక్కునే శిక్ష.

జెనోవాలో ఎక్కాక కుడివైపు కూర్చోండి, సముద్రం అటే ఉంటుంది. సగం దారి సొరంగాలే, చీకట్లోంచి ఒక్కసారిగా బయటపడితే నీలంగా ఒక ముక్క సముద్రం, నాలుగు పడవలు, ఎవరిదో ఆరేసిన దుప్పటి, మళ్లీ చీకటి. పిల్లలుంటే వాళ్లకిదే ఆట.

లోకల్ రైలు టికెట్ కాగితంది కొంటే ఎక్కే ముందు ప్లాట్‌ఫామ్ మీదున్న చిన్న మెషీన్‌లో గుద్దించాలి, లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారు. యాప్‌లో కొంటే ఎక్కే ముందు చెక్-ఇన్ నొక్కాలి. ఇంకా అక్కడ రైల్వే సమ్మెలు మామూలు విషయం, "షోపెరో" అనే మాట గుర్తుపెట్టుకోండి. ముందే తేదీ ప్రకటిస్తారు, మామూలు పనిరోజుల్లో సమ్మె ఉన్నా పొద్దున 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 కొన్ని రైళ్లు గ్యారంటీగా నడుపుతారు, ఆ టైంలో చూసుకుని వెళ్లిపోవచ్చు.

మొదటి రోజు ఏమీ చేయకండి

ఇది చెప్పినంత తేలిక కాదు. మన ఒంట్లో ఒక గుణం ఉంది, అంత డబ్బు పెట్టి వచ్చి ఊరికే కూర్చోవడమా అని. ఆ గొంతు వినబడగానే కిందికి దిగి బీచ్ పక్కన రోడ్డు మీద ఈ చివర నుంచి ఆ చివరకి నడవండి, పావుగంట కూడా పట్టదు.

నడుస్తూ ఇళ్ల కిటికీలు చూడండి. పచ్చ తలుపులు, రాతి అంచులు, పైన చెక్కిన పూల తీగలు, ఒక కిటికీలో పిల్లి. బాగా దగ్గరికెళ్లి చూస్తే వాటిల్లో సగం అబద్ధం, గోడ మీద రంగుతో వేసిన బొమ్మలు. రాతి అంచు బొమ్మ, దాని నీడ కూడా బొమ్మే. మా ఆవిడా నేనూ బెంచీ మీద కూర్చుని ఒకే ఇంటికి ఏది నిజం కిటికీ ఏది కాదు అని పందెం కట్టుకున్నాం, ఇది ఖచ్చితంగా బొమ్మే అని నేను వేలు చూపించిన కిటికీ తలుపు తెరిచి ఒక ముసలావిడ తలగడ దులిపింది. కాఫీ డబ్బులు నేనే ఇచ్చా.

బీచ్ ఇసుక కాదు, గులకరాళ్లు. హవాయి చెప్పులతో వెళ్తే పాదాలు అయిపోతాయి, నీళ్లలో వేసుకునే రబ్బర్ బూట్లు ఇక్కడే కొని తీసుకెళ్లండి. అల వెనక్కి వెళ్లేటప్పుడు ఆ రాళ్లన్నీ కలిసి దొర్లుతూ చేసే చప్పుడు, చాటలో పప్పు చెరిగినట్టు, రాత్రంతా వినబడుతుంది. కిటికీ తెరుచుకోవాలి అన్నది అందుకే. బీచ్‌లో గొడుగు, పడుకునే కుర్చీలు అద్దెకిచ్చే చోట్లని "బాన్యి" అంటారు, ముందు వరుసకి రేటెక్కువ. ఒక రోజు తీసుకోండి, నాలుగు రోజులూ వద్దు, పక్కనే ఫ్రీ బీచ్ కూడా ఉంటుంది.

పొద్దున పూట ఎలా తినాలి

హోటల్ బఫేకి ఒక్కరోజైనా డుమ్మా కొట్టండి. ఏడున్నరకి వీధిలో బేకరీ దగ్గరికెళ్తే ఫొకాచ్చా పళ్లెం అప్పుడే దింపుతుంటారు. రొట్టే, కానీ వేలి గుంటలతో, ఆ గుంటల్లో ఆలివ్ నూనె, ఉప్పు. తూకం లెక్కన కోసి కాగితంలో పెట్టిస్తారు, ఆ కాగితం బజ్జీల పొట్లంలాగే రెండు నిమిషాల్లో నూనె తాగుతుంది. జెనోవా వాళ్లు దాన్ని తిరగేసి, ఉప్పున్న వైపు నాలికకి తగిలేట్టు తింటారు. ఇంకా వింత, కపుచినోలో ముంచుకు తింటారు. నేను మొహం అదోలా పెట్టా గానీ, మనం టీలో ఉస్మానియా బిస్కెట్ ముంచట్లేదా, అదీ ఉప్పుతీపే కదా. రెండో రోజుకి అలవాటైపోయింది. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, టేబుల్ దగ్గర కూర్చుంటే ఇంకో రేటు, ఇది మోసం కాదు, పద్ధతే అంత.

రెండో రోజు: పడవలో శాన్ ఫ్రుత్తువోసో

ట్రిప్ మొత్తానికి ఒక్క రోజే మీ చేతిలో ఉంటే ఇది చేయండి. కొండ అవతల చిన్న కోనలో వెయ్యేళ్ల నాటి మఠం ఉంది, దానికి రోడ్డు లేదు. పడవలో వెళ్లాలి, లేదా కొండెక్కి దిగాలి. కమోలి రేవు నుంచి పడవ అరగంట.

పడవ పుంతా కియాప్ప అనే కొండ కొన దాకా వెళ్లే దారిలో నీళ్లలో తేలుతున్న బెండ్లు, వాటి మధ్య ఒక పడవ కాపలాగా కనబడతాయి. అది తొన్నరెల్ల, వందల ఏళ్లుగా వేస్తున్న నిలువు వల, ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా ఉంటుంది. వల చాలావరకు నైలాన్ కాదు, కొబ్బరి పీచు. జాలర్లు ఏటా చేత్తోనే అల్లుతారు, సీజన్ అయిపోయాక కోసి సముద్రంలోనే వదిలేస్తారు, కుళ్లి కలిసిపోద్ది కాబట్టి. ఇటలీ సముద్రంలో కొబ్బరి తాడు వల, ఒక్క కొబ్బరి చెట్టు కూడా లేని ఊళ్లో. మాది కోనసీమ వైపు కాబట్టి నాకు మఠం కంటే ఇదే ఎక్కువ గుర్తుండిపోయింది, మీకెలా ఉంటుందో తెలీదు.

మఠం ముందు రాతి కమానులు, వాటి కిందే చిన్న బీచ్. ఆ బీచ్ మొదట్లో లేదు, 1915లో వచ్చిన వరదకి కొండ మీదనుంచి మట్టి కొట్టుకొచ్చి కట్టడం ముందు భాగం కూలింది, ఆ రాళ్లూ మట్టీ చేరి బీచ్ అయింది. లోపల జెనోవాలో పేరున్న దోరియా వంశం వాళ్ల సమాధులున్నాయి, తెల్లరాయి నల్లరాయి చారలు చారలుగా పేర్చినవి. 1983 నుంచి ఇది ఎఫ్ఏఐ అనే ట్రస్ట్ చేతిలో ఉంది, లోపలికి టికెట్ ఉంటుంది.

ఇక్కడే నీళ్ల కింద, దాదాపు 17 మీటర్ల లోతున క్రీస్తు విగ్రహం ఉంది, రెండు చేతులూ పైకెత్తి. 1947లో అక్కడే ఒక డైవర్ చనిపోయాడు, ఆ జ్ఞాపకంగా 1954లో దించారు. డైవింగ్ వస్తే లైసెన్స్ చూపించి వెళ్లొచ్చు, రానివాళ్లకి అదే విగ్రహం నకలు చర్చిలో ఉంది.

జాగ్రత్తలు రెండు. పడవ దిగగానే తిరుగు పడవ టైం ఫోటో తీసుకోండి, ఆఖరిది పోతే కొండెక్కడమే. సముద్రం కొంచెం లేచినా సర్వీస్ ఆపేస్తారు, కాబట్టి ఈ పని రెండో రోజే పెట్టుకోండి, కుదరకపోతే మూడో రోజు, నాలుగో రోజు చేతిలో ఉంటాయి. నడిచి వెళ్దామనుకుంటే కమోలి నుంచి కొండ మీదున్న శాన్ రోక్కో అనే చిన్న ఊరి మీదుగా సముద్రం పక్కనుంచి వెళ్లే దారిలో గొలుసులు పట్టుకుని దాటే చోట్లున్నాయి, అది ట్రెకింగ్ అలవాటున్నవాళ్లకే, చీరలో చెప్పుల్లో అయ్యే పని కాదు. శాన్ రోక్కో దాకా మాత్రం మెట్లెక్కి వెళ్లండి, సాయంత్రం పూట, పైనుంచి మొత్తం ఊరు, ఎండ బాగుంటే జెనోవా దాకా తీరం కనబడుతుంది. శాన్ రోక్కో చర్చి దగ్గరే ఏటా ఆగస్టు 16న విశ్వాసం చూపించిన కుక్కలకి బహుమతులిస్తారు. మా వీధి కుక్కకి కూడా ఒకటి ఇప్పించాలి.

మూడో రోజు: పోర్టోఫినో, కానీ సాయంత్రం

రైల్లో ఒక్క స్టాప్, సాంటా మార్గరీటా. ఇక్కడ మధ్యాహ్నం దాకా బద్ధకంగా గడిపి, నాలుగు దాటాక పోర్టోఫినో వైపు నడవండి. సుమారు 5 కిలోమీటర్లు, సముద్రం పక్కనే, మధ్యలో పరాజ్జి అనే చిన్న కోన, నీళ్లు అచ్చం పచ్చరాయిలా. నడవలేకపోతే స్టేషన్ ముందు బస్సుంది, లేదా పడవ. మధ్యాహ్నం పూట పోర్టోఫినో అంటే క్రూయిజ్ జనం, సెల్ఫీలు. 2023లో మున్సిపాలిటీ వాళ్లు విసిగిపోయి బాగా జనం ఆగే చోట్లని రెడ్ జోన్ అని ప్రకటించి, పగటిపూట అక్కడ ఆగితే 275 యూరోల దాకా ఫైన్ అన్నారు. సెల్ఫీకి పాతిక వేల రూపాయలు.

సాయంత్రం పడవలు జనాన్ని తీసుకుపోయాక ఊరు ఊరవుతుంది. రేవు పక్కనుంచి శాన్ జోర్జో చర్చికి ఎక్కండి, పది నిమిషాలు, అక్కడ నిలబడితే ఒకవైపు రేవు, ఇంకోవైపు విశాలంగా సముద్రం. దమ్ముంటే ఇంకొంచెం ముందుకెళ్తే లైట్‌హౌస్. కింద రేవు దగ్గర కుర్చీలో కూర్చుని ఒక కాఫీయో జ్యూసో తాగండి, బిల్లు చూసి ఉలిక్కిపడతారు, పడండి, ఈ ట్రిప్‌లో దుబారాకని పక్కన పెట్టిన డబ్బు ఇక్కడే పోవాలి. ఎదురుగా ఆగి ఉన్న యాట్‌లలో ఒకాయన డెక్ తుడుస్తూనే ఉంటాడు, మేమున్న గంటన్నర తుడిచాడు.

నాలుగో రోజు: పెళ్లి కుర్చీల ఊరు

మన కన్వెన్షన్ హాళ్లలో రిసెప్షన్లకి వేస్తారు చూడండి, సన్నటి బంగారు రంగు కుర్చీలు, వెనక నిలువు కడ్డీలతో, వాటి పుట్టిల్లు ఇక్కడే, కమోలి నుంచి రైల్లో అరగంట లోపే. కియావరి అని ఊరు. 1807లో డెస్కాల్జి అనే వడ్రంగి ఒక ఫ్రెంచ్ కుర్చీ చూసి, దాన్ని తేలిక చేసి, ఒక వేలితో ఎత్తగలిగేట్టు తయారుచేశాడు. అసలుది చెక్క, అల్లిన సీటు, ఒంటి మీద బంగారు రంగు లేదు. ఇప్పటికీ చేత్తో చేసేవాళ్లు కొందరున్నారు, ముందే ఫోన్ చేసి అడిగితే పని చూడనిస్తారేమో కనుక్కోండి. ఊళ్లో పాత వీధికి రెండు పక్కలా కమానుల కింద నడిచే దారి, ఎండైనా వానైనా షాపింగ్ హాయిగా చేసుకోవచ్చు. ఏరు దాటితే పక్క ఊరు లవాన్య, ఇక్కడి కొండల్లో నల్ల పలకరాయి దొరుకుతుంది, ఎంతగా అంటే ఇటాలియన్‌లో క్లాస్‌రూమ్ బోర్డుని లవాన్య అనే అంటారు. చుట్టుపక్కల ఇళ్ల కప్పులు, గడపలు అన్నీ ఆ పలకలే.

కదలబుద్ధి కాకపోతే ఇదంతా మానేయండి, కమోలిలోనే బోస్కెత్తో అని అమ్మవారి గుడి ఉంది, మేరీమాత గుడి, లోపల గోడల నిండా నావికుల మొక్కుబడి పటాలు. తుఫానులో వంగిపోయిన ఓడ, చిరిగిన తెరచాప, మూలన మబ్బులో అమ్మవారు. బతికొచ్చినవాడు ఇచ్చుకున్న మొక్కు. ఈ మొక్కుల సంగతి మనకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

తిండి సంగతి, ముఖ్యంగా వెజ్ వాళ్లకి

భయపడకండి, ఇటలీ మొత్తంలో శాకాహారికి తేలికైన చోట్లలో ఇదొకటి. పెస్తో ఈ ప్రాంతం పచ్చడే, తులసికి చుట్టమైన బేసిల్ ఆకు, వెల్లుల్లి, పైన్ గింజలు, చీజ్, ఆలివ్ నూనె రాతి రోట్లో నూరి. ట్రోఫియె అనే మెలి తిప్పిన చిన్న పాస్తాతో, ఉడికిన బంగాళదుంప, బీన్స్ వేసి ఇస్తారు. ఫరినాత అడగండి, శనగపిండి, నీళ్లు, నూనె, ఉప్పు, రాగి పళ్లెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు, మన శనగపిండి అట్టే, ఇంకొంచెం మందంగా. పైన మిరియాలపొడి చల్లుకుంటే సొంత ఇల్లే. పక్క స్టాప్ రెక్కోకి వెళ్తే అక్కడి ఫొకాచ్చా వేరు, ఈస్ట్ లేకుండా కాగితమంత పల్చటి రెండు పొరల మధ్య మెత్తటి చీజ్, వేడిగా ఉన్నప్పుడే తినాలి. పన్సోతి అంటే అడవి ఆకుకూరలు కూరిన పాస్తా, వాల్‌నట్ సాస్‌తో, గుడ్డు ఉంటుంది. కఠినంగా వెజ్ పాటించేవాళ్లకి ఒక మాట, పార్మిజానో చీజ్‌లో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, పెస్తోలోనూ అదే పడుతుంది, చీజ్ వద్దని ముందే చెప్పండి. ఊళ్లో స్వీట్ షాపుల్లో కమోలియేజి అనే క్రీమ్ ఉండలు ఊరిస్తాయి, లోపల రమ్ ఉంటుంది, పిల్లలకి పెట్టకండి.

చేపలు తినేవాళ్లకైతే పండగే, అచ్చూగె అంటే మన నెత్తళ్లే. పిండి అద్ది వేయించి నిమ్మచెక్కతో ఇస్తారు. కారం ఉండదు, అంతే లోటు.

టైం గుర్తుంచుకోండి, మధ్యాహ్నం మూడు నుంచి సాయంత్రం ఏడు దాకా వంటిళ్లు మూత, రాత్రి భోజనం ఏడున్నర తర్వాతే. బిల్లులో కోపెర్తో అని మనిషికి రెండు మూడు యూరోలు వేస్తారు, కూర్చున్నందుకు, రొట్టెకి. అది పడ్డాక టిప్ కోసం మొహమాటపడక్కర్లేదు. ఇంటి నుంచి ఆవకాయ తీసుకెళ్లొచ్చు, నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు మాత్రం వద్దు, యూరప్‌లోకి పాలు, మాంసం పదార్థాలు తేనివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లో తీసి పారేస్తే మీకంటే అత్తగారికి ఎక్కువ బాధ.

వెళ్లిపోయే రోజు

ఆ రోజు పొద్దున ఫ్లైట్ పెట్టుకోకండి, రాత్రిది పెట్టుకోండి, లేకపోతే నాలుగో రాత్రి మొత్తం అలారం భయంతో పోద్ది. మిలాన్ ఎయిర్‌పోర్ట్ దాకా నాలుగు గంటలు, మధ్యలో రైలు తప్పితే ఇంకో రెండు గంటలు లెక్కేసుకుని బయల్దేరండి. సూట్‌కేస్ ముందురాత్రే సర్దేసి, పొద్దున బేకరీ తెరవగానే వెళ్లి ఫొకాచ్చా మనిషికి రెండు ముక్కలు కట్టించుకోండి, జెనోవా వచ్చేలోపు తినేయండి, తర్వాత గట్టిపడిపోద్ది. పొట్లానికి కింద ఇంకో కవర్ పెట్టండి, నూనె ఒడి మీదకి దిగుతుంది. వచ్చేటప్పుడు కుడివైపు కూర్చున్నాం కదా, ఈసారి ఎడమవైపు.